వందమంది ఒక్క ఫొటోలో

సౌదీలో ఉంటున్న తెలుగువాళ్ళకు ఇస్తిరాహా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతా దేశాల పాఠకుల కోసం: ఊరి పొలిమేరలో చుట్టూ ఎత్తయిన గోడ, లోపల కాస్త పచ్చిక, ఒక హాలు, పిల్లలకు ఉయ్యాలలు ఉండే అద్దె తోట. మా ఉగాదులు, వనభోజనాలు, వీడ్కోలు విందులు చాలావరకు అందులోనే. భోజనాలయ్యాక "గ్రూప్ ఫొటో! అందరూ రండి!" అని ఒక కేక వినిపిస్తుంది. వందమంది పోగవుతారు. తీసేవాడు వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుంటాడు. ఇంకా అటు పదిమంది, ఇటు పదిమంది మిగిలే ఉంటారు.

అప్పుడు వైడ్ లెన్సు బయటికొస్తుంది. మనుషులు పడతారు గానీ మొహాలు పోతాయి. లెక్క చూడండి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాకు 24 ఎం.ఎం. లెన్సు పెట్టి 8 మీటర్ల దూరం నుంచి తీస్తే 12 మీటర్ల వరస పడుతుంది. ఆ అడ్డం మొత్తానికి ఉన్నవి 6,000 పిక్సెళ్ళు. ఒక మొహం వెడల్పుకు దక్కేది సుమారు 75. పైగా అంచుల్లో ఉన్నవాళ్ళ తలలు పావు వంతు అడ్డంగా సాగుతాయి. పెళ్ళి ఫొటోల్లో చివర నిలబడ్డ బాబాయిలు ఎప్పుడూ లావుగా కనబడటానికి కారణం ఇదే, పెళ్ళి భోజనం కాదు.

ఈ ఫొటో ఇక్కడితో ఆగదు. ఏ జగిత్యాల పక్క పల్లెలోనో, కోనసీమలోనో ఒక తల్లి ఫోన్లో రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసి కొడుకును వెతుక్కుంటుంది. రెండేళ్ళకోసారి సెలవు దొరికే కొడుకు. ఆమెకు 75 పిక్సెళ్ళు చాలవు.

దీనికి మందు పాతదే. ముక్కలుగా తీసి అతకడం. ఈజిప్టు సైన్యంలో ఇంజనీరు ముహమ్మద్ సాదిక్ బే 1861లో మదీనాను, 1880లో మక్కాను ఫొటోలు తీశాడు. ఈ రెండు నగరాలకూ మనకు తెలిసిన తొలి ఫొటోలు అవే. ఒక్క గాజు పలకలో పట్టని దృశ్యాన్ని వరసగా పలకల మీద తీసి, ప్రింట్లను పక్కపక్కన చేర్చి పనోరమా చేశాడు. తర్వాత 1904లో అమెరికాలో సర్కట్ కెమెరాకు పేటెంటు వచ్చింది. అది ట్రైపాడ్ మీద తనంతట తానే తిరుగుతూ, లోపలి ఫిల్మును సన్నని చీలిక వెనక నడిపిస్తుంది. బడిపిల్లల ఫొటోల్లో కెమెరా మొదటి కొస దాటగానే ఒక తుంటరి వెనకనుంచి పరుగెత్తి రెండో కొసకు చేరేవాడు. ఒకే ఫొటోలో రెండుసార్లు! మన పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పకండి.

సర్కట్ వాళ్ళు గమనించిన అసలు కిటుకు మనుషుల్ని నిలబెట్టడంలో ఉంది. తిరిగే కెమెరాకు తిన్నని వరస వంకరగా, కొసలు చిన్నవిగా కనబడుతుంది. అదే వరసను కెమెరా చుట్టూ విల్లులా వంచితే ఫొటోలో తిన్నగా వస్తుంది. కాబట్టి ట్రైపాడ్ పెట్టేచోట మేకు కొట్టి, 6 మీటర్ల తాడు కట్టి, ముగ్గుపిండితో వృత్తంలో మూడో వంతు గీయండి. ఆ గీత పొడవు పన్నెండున్నర మీటర్లు. మనిషికి అర మీటరు చొప్పున 25 మంది. తివాచీ మీద ఒక వరస, కుర్చీల్లో ఒకటి, నిలబడి ఒకటి, బెంచీల మీద ఒకటి. నాలుగు వరసలకు వందమంది.

కెమెరాను నిలువుగా తిప్పి 50 ఎం.ఎం. లెన్సు పెట్టండి. ఒక్కో ఫొటోలో 27 డిగ్రీలు పడుతుంది. 16 డిగ్రీలకోసారి తిప్పుతూ వెళితే రెండు కొసల్లో కాస్త జాగాతో సహా ఎనిమిది ఫొటోలు. అతికాక మొత్తం 17,000 పిక్సెళ్ళు దాటుతుంది. ముందు వరసలో ఒక్కో మొహానికి 200, వెనక వరసలో 150 దాకా దక్కుతాయి.

ట్రైపాడ్ మీద కెమెరా ఏ బిందువు చుట్టూ తిరుగుతుందన్నది ముఖ్యం. చేయి చాచి బొటనవేలు చూస్తూ ఒక్కో కన్నే మూయండి. వెనకున్న గోడ మీద వేలు అటూ ఇటూ జరుగుతుంది. కెమెరా తిరిగేటప్పుడు లెన్సు పక్కకు జరిగితే ముందు వరసకూ వెనక వరసకూ అదే జరుగుతుంది, అతుకు దగ్గర చెవులు రెండవుతాయి. కనుక లెన్సులోకి ముందునుంచి చూస్తే కనబడే రంధ్రం సరిగ్గా తాడు కట్టిన మేకుకు పైన ఉండాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బాలెన్స్ మూడూ తాళం వేసినట్టు కదలకూడదు. ఎఫ్ 8 దగ్గర 7 మీటర్లకు ఫోకస్ చేస్తే నాలుగు వరసలూ స్పష్టంగా వస్తాయి. మగ్రిబ్‌కు ముందు గోడ నీడ పచ్చికంతా పరుచుకున్నాక తీయడం మేలు. మరీ ఆలస్యమైతే మొదటి ఫొటోకూ ఎనిమిదోదానికీ మధ్యనే వెలుగు తగ్గిపోతుంది.

అతికే పని సాఫ్ట్‌వేర్‌ది. కెనడా ప్రొఫెసర్ డేవిడ్ లో 1999లో ప్రకటించిన సిఫ్ట్ పద్ధతి, ఫొటో చిన్నదైనా ఒరిగినా మళ్ళీ గుర్తుపట్టగల బిందువులను వెతుకుతుంది. మాథ్యూ బ్రౌన్‌తో కలిసి ఆయనే 2003లో దాన్ని పనోరమాలకు వాడి చూపాడు. చీర అంచులు, తివాచీ పువ్వులు దానికి పండగ. తెల్లగోడ, తెల్ల థోబ్‌లు మాత్రం కష్టం. హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనంతా చేస్తుంది. సిలిండ్రికల్ ప్రొజెక్షన్ ఎంచుకోవాలి, లేకపోతే విల్లులా నిలబెట్టిన శ్రమ వృథా.

సాఫ్ట్‌వేర్‌కు తెలియనిది ఒకటుంది. అతుకు ఎవరి మీదుగా పోతోందో. ఆ క్షణంలో తల తిప్పిన మనిషి సగం మొహంతో మిగలవచ్చు, పూర్తిగా మాయమే కావచ్చు. నిలబడి ఫోన్ తిప్పుతూ తీసే పనోరమాలో అతుకులు అడుగడుగునా ఉంటాయి కనుక జనం ఉన్నచోట దాన్ని నేను నమ్మను. పైన చెప్పినట్టు తీస్తే పక్కపక్క ఫొటోలు రెండింటిలోనూ ముందు వరసలో ఇద్దరు పూర్తిగా పడతారు. ఆ ఇద్దరి మధ్యనుంచి అతుకు పోయేలా హ్యూగిన్‌లో మాస్కు గీయవచ్చు. ప్రతి కోణంలో మూడేసి తీస్తే కళ్ళు తెరిచినది ఏరుకోవచ్చు. పంపేముందు తలలు లెక్కపెట్టండి. వంట చేసినవాళ్ళను, బయట కార్ల దగ్గర ఉన్న డ్రైవర్లను పిలిచారో లేదో కెమెరా తెరవకముందే చూసుకోవాలి. నాకు తెలిసి ఎక్కువసార్లు తగ్గేది వాళ్ళే, దానికి ఏ సాఫ్ట్‌వేరూ కారణం కాదు.

ఇంకో మాట. 2007లో వచ్చిన సౌదీ సైబర్ నేరాల చట్టం ప్రకారం కెమెరా ఫోన్లతో ఇతరుల ఏకాంతానికి భంగం కలిగించడం నేరం. ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాళ్ళ దాకా జరిమానా. ఫొటో ఎక్కడెక్కడికి వెళుతుందో ముందే చెప్పి, వద్దనుకునేవాళ్ళను బలవంతం చేయకండి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేస్తే ఐదడుగులకు కాస్త తక్కువ పొడవొస్తుంది. ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళేవాళ్ళకు ఒకటి వేయించి, మడత పెట్టకుండా అట్టగొట్టంలో చుట్టి ఇవ్వండి. చేతిసామానులో పెట్టుకోమనండి.