వార్తల్లో పదం: లాగ్-పీరియాడిక్ డైపోల్ యాంటెన్నా

విస్తృత శ్రేణి పౌనఃపున్యాలను ఒక్కటే అందుకోగల యాంటెన్నా ఇది. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. నడుమ ఉన్న దండానికి ఇరువైపులా లోహపు కడ్డీల జతలు ఉంటాయి. ఒక్కో జత ఒక డైపోల్. వీటి పొడవులు, ఎడాలు ఒకే నిష్పత్తిలో తగ్గుతూ పోతాయి. నిష్పత్తి 0.9 అయితే 3.75 మీటర్ల డైపోల్ తర్వాత సుమారు 3.38, ఆపై 3.04 మీటర్లవి వస్తాయి. తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం పొడవున్న డైపోల్‌లే ఆ సంకేతానికి బాగా స్పందిస్తాయి. 40 మెగాహెర్ట్జ్‌కు 3.75 మీటర్లు, 150కి మీటరు చాలు. నిష్పత్తి 1కి దగ్గరయ్యేకొద్దీ పనితీరు మెరుగవుతుంది, కడ్డీలూ ఖర్చూ పెరుగుతాయి. హిందూపురానికి చేరువలో, కర్ణాటకలోని గౌరిబిదనూరులో భారత ఖగోళ భౌతిక సంస్థ ఈ యాంటెన్నాల బారులతోనే సూర్యుడి కరోనా నుంచి వచ్చే రేడియో తరంగాలను నమోదు చేస్తోంది.