పాస్‌వర్డ్ కరెక్టే... మరెందుకు అడుగుతోంది?

''గిదేం లొల్లి బిడ్డా! పొద్దటిసంది ఇరవైసార్లు కొట్టిన. కొట్టినప్పుడల్లా మల్ల అడుగుతనే ఉంది.''

పోయిన దసరాకు ఎల్లంతకుంటలో చిన్నాయన ఇంటి గడప దాటగానే వినిపించిన పలకరింపు ఇది. లోపల చిన్నమ్మ సకినాలు పళ్లెంలో పెడుతోంది. చిన్నాయన మాత్రం కంప్యూటరు ముందు నుంచి లేవడం లేదు. తెరమీద చిన్న పెట్టె. అందులో ఆయన మెయిల్ చిరునామా, దానికింద పాస్‌వర్డ్ కోసం ఖాళీ గడి. ఆయన టైప్ చేస్తారు, 'ఓకే' నొక్కుతారు. పెట్టె మాయమవుతుంది. నాలుగు సెకన్లు... మళ్లీ ప్రత్యక్షం!

చిన్నాయన సర్కారు బడి పంతులుగా రిటైరయ్యారు. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల... ఈ చుట్టుపక్కల ఏ ఊరి సంగతి తీసినా గల్ఫ్ మాట రాకుండా ఉండదు కదా. వాడకట్టులో అలా వెళ్లినవాళ్ల కాగితాల పనంతా ఆయన చేతిమీదే. పాస్‌పోర్టు స్కాన్ చేయాలన్నా, కంపెనీకి ఇంగ్లిషులో ఉత్తరం రాయాలన్నా ''సారు దగ్గరికి పోదాం'' అంటారు. అందరూ ఫోన్లో మెయిల్ చూస్తున్నా ఆయన కంప్యూటర్లోని మెయిల్ ప్రోగ్రామునే నమ్ముకున్నారు.

ఆరోజు అరుగుమీద ఎదురింటామె ఫైలు పట్టుకుని కూర్చుంది. భర్త మస్కట్‌లో పదకొండేళ్లు పనిచేసి, ఆరోగ్యం పాడై తిరిగొచ్చాడు. రావాల్సిన బకాయి ఇవ్వాలంటే పాత ఉత్తరాల నకళ్లు పంపమంది కంపెనీ. 2014 నాటి ఆ మెయిళ్లు ఉన్నది ఈ కంప్యూటర్లోనే. ''సారూ, ఇయ్యాల పోతదా?'' అని అరగంటకోసారి అడుగుతోంది.

మానిటర్ అంచుకు అంటించిన కాగితం చూశాను. అయిదు పాస్‌వర్డులు. నాలుగు కొట్టేసి ఉన్నాయి. అసలు రోగం అక్కడే ఉంది!

ఇంటి తాళం... మోటారు గది తాళం

పెట్టె పదేపదే వచ్చిందంటే 'పాస్‌వర్డ్ తప్పు' అనే అనుకుంటాం. చాలాసార్లు అది తప్పు కాదు. పాస్‌వర్డ్‌ను అప్పజెప్పే పద్ధతే చెల్లకుండా పోయింది. ఆ పెట్టెకు రెండు ముక్కలకంటే ఎక్కువ మాట్లాడటం రాదు, అందుకే 'పాస్‌వర్డ్ ఇవ్వండి' అన్న పాత పాటే పాడుతుంది.

కంప్యూటర్లోని మెయిల్ ప్రోగ్రాములు సర్వరుతో మాట్లాడే పద్ధతులు పాతకాలానివి. 'పాప్' మొదటి రూపం 1984లో, 'ఐమ్యాప్' 1986లో పుట్టాయి. ప్రోగ్రాము మన పాస్‌వర్డ్‌ను తన దగ్గర దాచుకుని, మెయిల్ తెచ్చుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ సర్వరుకు చూపించడం మొదట్నుంచీ ఉన్న అలవాటు. ఇప్పుడు అదే పాస్‌వర్డుతో ఫొటోలూ ఫోన్ నంబర్లూ అన్నీ తెరుచుకుంటున్నాయి. పొలం కౌలుకిచ్చినప్పుడు బావి దగ్గర మోటారు గది తాళం ఇస్తాం గానీ ఇంటి తాళంచెవి ఇస్తామా? మెయిల్ కంపెనీలు చేసిందీ అదే. మీరు కంపెనీ పేజీలోనే లాగిన్ అవుతారు. ప్రోగ్రాముకు దక్కేది మెయిల్ వరకే పనికొచ్చే ఓ టోకెన్. దీని పేరే 'ఓఆథ్'.

మామూలు జీమెయిల్ ఖాతాలకు ఉత్త పాస్‌వర్డుతో ప్రోగ్రాములు లోపలికి రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు ఖాతాలకు అదే ఏడాది అక్టోబరు నుంచి పాత పద్ధతిని ఆపుతూ వచ్చింది. అవుట్‌లుక్.కామ్, హాట్‌మెయిల్ వంటి సొంత ఖాతాలకు 2024 సెప్టెంబరు 16తో తలుపులు మూసింది. నిన్నటిదాకా పనిచేసిన ప్రోగ్రాము ఓ ఉదయం మొరాయించిందంటే చాలాచోట్ల కారణమిదే.

మార్చినకొద్దీ...

చిన్నాయన కథలో మరో మలుపుంది. కొన్నాళ్లకిందట నెట్ సెంటర్ కుర్రాడొకరు ఆయనకు 'యాప్ పాస్‌వర్డ్' పెట్టిచ్చాడు. కొత్త పద్ధతి తెలియని పాత ప్రోగ్రాముల కోసం గూగుల్ వంటి కంపెనీలు ఇచ్చే పదహారు అక్షరాల ప్రత్యేక తాళమది. ఖాతాకు రెండంచెల తనిఖీ ఉంటేనే వస్తుంది. ఒకసారి ప్రోగ్రాములో పెడితే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అయితే ఓ మెలిక. అసలు పాస్‌వర్డ్ మారిస్తే, ఆ పదహారక్షరాల తాళం దానంతటదే రద్దవుతుంది!

ఆ సంగతి ఆయనకు తెలీదు. టీవీలో సైబర్ మోసాల వార్త చూసి, మంచిదే కదాని పాస్‌వర్డ్ మార్చారు. మర్నాడు పెట్టె వచ్చింది. కొత్త పాస్‌వర్డ్ కొట్టారు. పెట్టెకు కావలసింది అది కాదు కాబట్టి ఒప్పుకోలేదు. 'మరిచిపోయానేమో' అని మళ్లీ మార్చారు. కాగితంమీద నాలుగు కొట్టివేతలూ అలా వచ్చినవే. బడిలో పిల్లలకు లెక్క తప్పితే మొదటి మెట్టు నుంచి చూడమని చెప్పిన మనిషి, పాపం, తన లెక్కలో మాత్రం చివరి మెట్టే దిద్దుతూ పోయారు.

కాబట్టి పెట్టె రాగానే చేయాల్సిన మొదటి పని... టైప్ చేయడం ఆపడం. బ్రౌజర్ తెరిచి, కంపెనీ వెబ్‌సైట్లోనే అదే పాస్‌వర్డుతో లాగిన్ అయి చూడండి. అక్కడ తెరుచుకుంటే పాస్‌వర్డ్ సరైనదే. మార్చొద్దు. తెరుచుకోకపోతే అప్పుడు 'క్యాప్స్ లాక్' సంగతి చూడాలి. తెలుగు టైపింగ్ చేసే ఇళ్లలో కీబోర్డు తెలుగులోనే ఉండిపోవడమూ మామూలే. గడిలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తెలిసి చావదు.

లాగిన్ అయిందంటే ప్రోగ్రాములోకి రండి. థండర్‌బర్డ్ అయితే సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద దాచుకున్న పాస్‌వర్డులుంటాయి. ఆ ఖాతావి తీసేయండి. తర్వాత ఖాతా సెట్టింగ్స్‌లో సర్వరు వివరాల దగ్గర 'అథెంటికేషన్ మెథడ్'ను ఓఆథ్2కి మార్చండి. ఈసారి చిన్న పెట్టె బదులు మెయిల్ కంపెనీ లాగిన్ పేజీయే తెరుచుకుంటుంది. అది తెల్లగా ఉండిపోతే, కుకీలను అనుమతించారో లేదో చూసుకోండి. అవి లేకుంటే ఈ తంతు ముందుకు సాగదు. అవుట్‌లుక్ వాడేవాళ్లు విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో 'క్రెడెన్షియల్ మేనేజర్' తెరిచి, ఆ ఖాతాకు సంబంధించిన పాత నమోదులు తొలగించి, ప్రోగ్రామును మూసి తెరవాలి. 2010, 2013 నాటి అవుట్‌లుక్‌లో జీమెయిల్ చూసేవాళ్లకు పదహారక్షరాల తాళమే దారి.

అన్నిసార్లూ తప్పు మనదే అనుకోనక్కర్లేదు కూడా. 2020లో విండోస్ 10లో '2004' అనే వెర్షన్ వచ్చినప్పుడు కొన్ని కంప్యూటర్లు పాస్‌వర్డులను తమంతట తామే మరిచిపోయాయి. లోపం తమదేనని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని తర్వాత సరిచేసింది.

తీసేసి పెట్టు... అంటే?

''ఖాతా తీసేసి మళ్లీ పెట్టండి, అంతే'' అన్నది ఎవరైనా ఇచ్చే సలహా. చిన్నాయనకూ ఫోన్లో మేనల్లుడు అదే చెప్పాడు. ఐమ్యాప్ ఖాతా అయితే ఫర్వాలేదు, మెయిళ్లన్నీ సర్వరులోనే ఉంటాయి. పాప్ అయితే కథ వేరు. చాలామంది పాత వాడకందార్ల విషయంలో మెయిల్ కంప్యూటర్లోకి దిగాక సర్వరులో మిగలదు. ఖాతాతోపాటు 'డేటా కూడా తీసేయాలా?' అన్న గడిలో టిక్కు పడిందో... గోవిందా! చిన్నాయనది పాప్ ఖాతా. 2014 నాటి మస్కట్ ఉత్తరాలు ఇంకెక్కడా లేవు. ''ఫోన్ల చూస్తే పోతయి, గిండ్లయితే ఉంటయి'' అని ఆయన ఎప్పుడూ అనే మాట నాకు అప్పుడు అర్థమైంది. అన్నిటికంటే ముందు మెయిల్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీశాను.

అంతకుముందు రోజు ఆయన ఇంకో పని చేయబోయి ఆగారట. నెట్‌లో 'మెయిల్ కస్టమర్‌కేర్' అని వెతికితే ఓ పదంకెల నంబరు దొరికింది. ఫోన్ ఎత్తినవాడు చాలా మర్యాదగా మాట్లాడి, ఓ యాప్ వేసుకోమన్నాడు. చిన్నమ్మ ''గాడెవడో మన కంప్యూటర్ల కెందుకొస్తడు?'' అని అడ్డుపడింది. ఆమెకు పాప్ తెలీదు, ఐమ్యాప్ తెలీదు. మా ఇంట్లో ఆ సాయంత్రం అసలైన కంప్యూటర్ నిపుణురాలు మాత్రం ఆమే. ఉచిత మెయిల్ ఖాతాకు పాస్‌వర్డ్ సరిచేస్తామంటూ తెరను తమ చేతికివ్వమనే వాళ్లెవరూ కంపెనీవాళ్లు కారు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

పొద్దుగూకేసరికి కొత్త లాగిన్ పూర్తయింది. మెయిళ్లు బిలబిలా దిగాయి. ఎదురింటామె లోపలికొచ్చి నిలబడింది. పాత ఉత్తరాలు జతచేసి చిన్నాయన 'సెండ్' నొక్కారు.

పెట్టె మళ్లీ వచ్చింది!

ఆయన నావైపు చూసిన చూపు చెప్పనలవి కాదు. ఈసారి పెట్టెలో సర్వరు పేరు ముందు 'ఎస్ఎంటీపీ' అని ఉంది. వచ్చే మెయిల్‌కు ఒక సర్వరు, పోయే మెయిల్‌కు ఒకటి. రెండింటి సెట్టింగులూ వేర్వేరు. నేను సరిచేసింది మొదటిదాన్నే. రెండోదాన్నీ ఓఆథ్2కి మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.

''పోయింది'' అన్నారు చిన్నాయన, పంపిన మెయిళ్ల జాబితాలో చూపిస్తూ. ఆమె ఫైలు చంకలో పెట్టుకుని, సకినాలు తీసుకోమన్నా వినకుండా భర్తకు చెప్పడానికి వెళ్లిపోయింది. ఆయన కాగితంమీద అయిదో పాస్‌వర్డ్ కింద గీత గీసి, 'మార్చొద్దు' అని పెద్దక్షరాలతో రాసుకున్నారు. కాగితాన్నే మానిటర్ మీంచి తీసేయమని నేనంటే మాత్రం ఒప్పుకోలేదు.