ఇరుసుకు ఏమి పూయవలెను?

ఉగాదికో, సంక్రాంతికో, ఊరి తిరునాళ్లకో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు గ్రామములలో బండలాగుడు పందెములు జరుగుతుంటాయి. ఒక జత ఎద్దులు, వాటి వెనుక గొలుసుతో కట్టిన రాతిబండ, ఇరుప్రక్కల జనసమూహము. అదలింపులు మిన్ను ముట్టుతుండగా ఆ ఎద్దులు గిట్టలు నేలకు తన్నిపెట్టి, మెడలు సాచి, బండను ఈడ్చుకొనిపోతాయి. అదే బండను రెండు చక్రముల బండిమీదికి ఎక్కించినచో అదే జత నింపాదిగా నడిచిపోగలదు. బండ బరువు తగ్గలేదు, నేల మారలేదు, ఎద్దుల బలము పెరగలేదు. మరి అంతటి ఒరపిడి ఎక్కడికి పోయినట్లు?

ఎక్కడికీ పోలేదు, చోటు మారినది. నేలకును రాతికిని నడుమ ఉండిన ఘర్షణములో చాలభాగము, బండి కట్టగానే, ఇరుసుకును చక్రపు నాభికిని నడుమనున్న ఇరుకు చోటికి చేరినది. చక్రము ఐదడుగుల ఎత్తు, ఇరుసు రెండంగుళముల లావు ఉన్నవనుకొందాము. చక్రపు అంచు ముప్పది అంగుళములు తిరిగేసరికి ఇరుసువద్ద ఒరసికొనేది ఒక్క అంగుళము మాత్రమే. ఎద్దులకు కలిగిన సులువంతా అందులోనే ఉన్నది. కాని ఆ ఒక్క అంగుళమును అశ్రద్ధ చేసినచో బండి కీచుమంటుంది, నాభి అరిగిపోతుంది, కాడి క్రింద మెడ కాయలు కాస్తుంది. తోలేవాడు మరచినదానికి మూల్యము చెల్లించేది మూగజీవము.

ఈ సంగతి మన పెద్దలకు చక్కగా తెలియును. సుమతీ శతకకారుడు ఇరుసుకు పెట్టే కందెనను ఒక పద్యములో ఉపమానముగా చేసికొన్నాడు. ఆముదములో వరిగడ్డి కాల్చిన మసిని కలిపి నూరితే కందెన సిద్ధమయ్యేది. దానిని ఒక వెదురుగొట్టములో నింపి బండికి వ్రేలాడగట్టేవారు. ఆముదము చిక్కని నూనె. లోహమును గట్టిగా పట్టుకొని ఉంటుంది. మసి దానిని మరింత చిక్కపరచి జారిపోకుండ నిలుపుతుంది. కుందూ లోయలోని నల్లరేగడి బాటలమీద ప్రత్తి బోరెములు మోసిన బండ్లకు ఇది తగిన మందు. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. అంత బరువుతో అంత దూరము పోవలసిన బండిని కడచీల ఊడదీసి, చక్రము జరిపి, కందెన రాసిన తరువాతనే తెలిసినవాడు కదిలించేవాడు. రబ్బరు టైర్లు, బేరింగులు వచ్చిన తరువాత ఆ గొట్టము దాదాపు కనుమరుగైనది.

అయితే ఎద్దులబండికి మంచిదైన కందెన ప్రతి చక్రమునకూ మంచిదే అవుతుందా? కాదు. జొన్నదంట్లతో బండి కట్టి ఆడుకొన్న పల్లెటూరి పిల్లవానిని అడిగినా చెప్పగలడు. ఆ తేలికబండి ఇరుసుకు ఆముదము పూస్తే చక్రము తిరగడానికి బదులు అంటుకొనిపోతుంది. పెద్ద బరువు నూనెపొరను నొక్కి ఉంచి దానిమీద జారుతుంది. చిన్న బరువుకు ఆ నూనె జిగటే ఒక అడ్డంకి. పైగా నూనె దుమ్మును పట్టుకొంటుంది. దుమ్ము కలిసిన నూనె కందెన కాదు, ఆకురాయి.

ఈ చిన్న విషయమే అమెరికాలో ఒక బాలక్రీడకు ప్రాణమైనది. 1953లో కాలిఫోర్నియాలోని మన్‌హాటన్ బీచ్ అను ఊరిలో డాన్ మర్ఫీ అనే స్కౌటు నాయకుడు, పెద్ద బండ్ల పందెములో పాల్గొనడానికి వయసు చాలని తన కుమారునికోసమూ, తోటి పిల్లలకోసమూ ఒక పందెము కల్పించినాడు. దేవదారు జాతికి చెందిన పైన్ కొయ్యముక్క, నాలుగు మేకులు, నాలుగు చక్రములు: ఇంతే సామగ్రి. బండి బరువు సాధారణముగా 5 ఔన్సులకు, అనగా సుమారు 142 గ్రాములకు మించరాదు. యంత్రము లేదు, త్రోసేవారు లేరు. వాలుబల్లపై భూమ్యాకర్షణమే దానిని నడుపవలెను. అందరి బండికీ బరువు ఒక్కటే అయినప్పుడు గెలుపును నిర్ణయించేవాటిలో మేకుకును చక్రమునకును నడుమనుండే ఒరపిడి ముఖ్యమైనది. అక్కడ పనికివచ్చేది నూనె కాదు, పొడి కందెన.

పొడి కందెనలలో ప్రసిద్ధమైనది గ్రాఫైటు. ఇది బొగ్గు జాతిదే. కాని దానిలోని పరమాణువులు పలుచని రేకులుగా పేర్చబడి ఉంటాయి. ఒక్కొక్క రేకు గట్టిది. రేకుకూ రేకుకూ నడుమ పట్టు బలహీనము. పేకముక్కల కట్టను ప్రక్కకు త్రోసినట్లు అవి ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. విచిత్రమేమనగా, గ్రాఫైటు చక్కగా జారడానికి గాలిలోని కొద్దిపాటి తేమ తోడ్పడుతుంది. గాలిలేని చోట దాని నునుపు పోతుంది. అందుచేత అంతరిక్ష యంత్రములలో మాలిబ్డినం డైసల్ఫైడు వంటి వేరొక పొడిని వాడతారు.

ఇటువంటి రేకుల పదార్థము కొరకు కాలిఫోర్నియాకు పోనక్కరలేదు. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల పరిసరములలోనే బలపపు రాయి లభిస్తుంది. పలకమీద అక్షరములు దిద్దించిన ఆ మెత్తని రాతిలో ప్రధానమైనది టాల్కు. ఖనిజముల కాఠిన్యపు కొలమానములో దానిది మొట్టమొదటి మెట్టు. వ్రేళ్ల మధ్య రాస్తే సబ్బువలె జారడానికి కారణము దానిలోని రేకులే. తొలి అక్షరమునకు సాధనమైనదే తొలి విజ్ఞాన పాఠమునకూ సాధనము కావచ్చును.

పొడిని ఎన్నుకొనుట సగము పని. వేయుట మిగతా సగము. మేకు తల క్రింద అచ్చుపోతలో మిగిలిన గరుకు గీతలను ముందు ఆకురాయితోనూ, పిదప సన్నని గరుకు కాగితముతోనూ తొలగించవలెను. గరుకు మేకుపై ఎంత పొడి చల్లినా ప్రయోజనము లేదు. తరువాత తుడిచి, పూర్తిగా ఆరనివ్వవలెను. చక్రపు రంధ్రములోను, మేకు తలకు తగులుచోటను చిటికెడు పొడి వేసి, చక్రమును పలుమారులు త్రిప్పి, మరల కొంచెము వేసి త్రిప్పవలెను. పొడి పొరగా పట్టవలెనే గాని కుప్పగా నిలువరాదు; మిగిలినదానిని దులిపివేయవలెను. పెన్సిలు ములుకు గ్రాఫైటే అయినా అందులో బంకమట్టి కలుస్తుంది. గట్టి పెన్సిలులో ఆ మట్టి ఎక్కువ. కనుక మెత్తని పెన్సిలే మేలు. ఏ పొడినైనా ముక్కులోకి పోకుండ మెల్లగా వాడవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే పరీక్షింపజేయవచ్చును. ఒక పలక వాలు, ఒక చిన్న కొయ్యబండి, ఒక గడియారము చాలును. మొదట ఏమీ పూయక పదిమార్లు. పిదప బలపపు పొడితో, గ్రాఫైటుతో, చివరకు ఒక్క చుక్క ఆముదముతో పదేసి మార్లు బండిని వదలవలెను. ప్రతిసారి మేకును శుభ్రపరచవలెను; కందెన తప్ప మరేదీ మార్చరాదు. సగటు కాలమును విద్యార్థులే వ్రాసికొనవలెను. ఫలితమును ముందుగా చెప్పివేయకుండుట మంచిది. ఆముదము వృథా వస్తువని ఎవరైనా తేల్చినచో, బండిపై ఇటుకలు పెట్టి మరల చూడుమనవలెను.

అప్పుడు ఏ కందెన గొప్పదన్న ప్రశ్న దానంతటదే సవరించుకొంటుంది: ఎంత బరువుకు, ఎటువంటి బాటకు, ఏ చక్రమునకు? ఆ మూడూ అడిగి తెలిసికొన్న తరువాతనే వెనుకటి బండివాడు వెదురుగొట్టము మూత తీసేవాడు.