తొందర లేని దీవుల లెక్క

దక్షిణ అట్లాంటిక్ నడిమధ్యలో ట్రిస్టన్ డ కూన్యా అనే అగ్నిపర్వత దీవి ఉంది. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి దాదాపు 2,800 కిలోమీటర్లు ఓడలో పోవాలి, అందుకు వారం పడుతుంది. తీరా వెళ్లాక సముద్రం అలజడిగా ఉంటే ఒడ్డు కళ్లెదుటే కనిపిస్తున్నా దిగడానికి ఉండదు. జనాభా 250 లోపే. ఇలాంటి చోటును చూసినవాళ్లు అక్కడ కాలం ఆగిపోయిందని తేలిగ్గా అనేస్తారు. ఆ మాటలో ముచ్చట ఉందేగాని విజ్ఞానం లేదు. అక్కడి నిదానం దేనివల్ల వచ్చిందో, ఎంతవరకు చెల్లుతుందో ఆ చుట్టుపక్కల దీవుల్లోని పక్షులే చెబుతాయి.

పక్కనే ఇనాక్సెసిబుల్ అనే చిన్న దీవి. మన చెరువుల్లో తిరిగే జమ్ముకోళ్ల కుటుంబానికి చెందిన ఒక బుల్లిపిట్ట ప్రపంచం మొత్తమ్మీద అక్కడొక్కచోటే ఉంది. పొడవు 17 సెంటీమీటర్లు, బరువు 40 గ్రాములకు అటూఇటూ. ఎగరలేని పక్షుల్లో ఇంతకంటే చిన్నది లేదు. దీని పూర్వీకులు సుమారు 15 లక్షల ఏళ్ల కిందట దక్షిణ అమెరికా వైపు నుంచి ఎగిరే వచ్చాయని జన్యు పరిశీలనలో తేలింది. ఎగిరే కండరాలను పోషించడానికి తిండి ఎక్కువ కావాలి. తరిమే జంతువే లేనిచోట అది దండగ ఖర్చు. ఇంకా దూరంలోని గాఫ్ దీవిలో గూళ్లు కట్టే ట్రిస్టన్ ఆల్బట్రాస్‌ది మరో పొదుపు. మహాసముద్రమంతా గాలించి మేత తేవాలి కాబట్టి మామూలుగా రెండేళ్లకోసారి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల ఎనిమిది నెలల దాకా గూడు వదలదు. అది పెరిగి తొలి గుడ్డు పెట్టేసరికి పదేళ్లు కావస్తుంది. పెద్ద పక్షులు దశాబ్దాలు బతుకుతాయి కనుకే ఈ పద్ధతి నడుస్తోంది.

పక్షులకు చెప్పింది మనుషులకు అంటగట్టొచ్చా అని ఎవరైనా అడగొచ్చు. అంటగట్టకూడదు. ట్రిస్టన్ ప్రజల నిదానం వాళ్ల జన్యువుల్లోది కాదు, వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లది. అక్కడ భూమి ఉమ్మడి ఆస్తి. పచ్చిక తరిగిపోకుండా ఇంటికి ఇన్ని పశువులే అని హద్దుంది. ముఖ్య ఆదాయం లాబ్‌స్టర్ వేటది, దానికీ కోటా ఉంది. తెల్లవారగట్ల సముద్రం నెమ్మదించిందనుకుంటే గంట కొడతారు, అప్పుడే పడవలు కదులుతాయి. గత్యంతరం లేక అలా బతుకుతున్నారనే వాళ్లకు జవాబు చరిత్రలోనే ఉంది. 1961లో అగ్నిపర్వతం బద్దలైతే ఊరంతటినీ ఇంగ్లండుకు తరలించారు. మరుసటి ఏడాది ఓటు పెడితే 148 మంది తిరిగి వెళ్తామన్నారు, వద్దన్నది ఐదుగురే.

అయితే నిదానానికి ఒక పెద్ద బలహీనత ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో సీల్ వేటగాళ్ల ఓడల నుంచి గాఫ్ మీదికి చుండెలుకలు దిగాయి. ఇవాళ అవి మామూలు చుండెలుకకు ఒకటిన్నర రెట్లున్నాయి. రాత్రిపూట గూటిలోని ఆల్బట్రాస్ పిల్లను అవి గుంపుగా కొరికి తింటుంటే, వాటికంటే వందల రెట్లు బరువున్న ఆ పిల్ల కదలకుండా కూర్చునే ఉంటుంది. ఇన్నేళ్లలో అది ఎదురుతిరగడం ఎందుకు నేర్వలేదన్నది న్యాయమైన ప్రశ్నే. పరిణామం ఏళ్లను కాదు, తరాలను లెక్కపెడుతుంది. ఏడాదికి ఒక్క తరమే అనుకున్నా 150 ఏళ్లలో ఎలుకకు 150 తరాలు గడిచాయి, ఆల్బట్రాస్‌కు పదిహేను కూడా దాటవు. కాబట్టి ప్రకృతి తన దారి తాను చూసుకుంటుందిలే అని చేతులు కట్టుకుంటే గెలిచేది ఎలుకే. 2021లో హెలికాప్టర్లతో దీవంతటా విషపు ఎరలు చల్లారు. అదే డిసెంబరులో ఎలుక మళ్లీ కనిపించింది. దాదాపు 65 చదరపు కిలోమీటర్ల కొండల్లో చూలుతో ఒక్కటి మిగిలినా దాని సంతతి దీవిని నింపేస్తుంది. ఆల్బట్రాస్ జంట మాత్రం పోయిన పిల్లకు బదులు ఇంకో గుడ్డు పెట్టాలంటే మరో ఏడాదైనా ఆగాల్సిందే.