మన ఆసుపత్రికిని ఒక మహాజనసభ కావలెను

సహకార సంఘములలో సభ్యులైన రైతు సోదరులకును, సోదరీమణులకును మనవి.

మన సంఘమున మహాజనసభ జరిగినప్పుడు జమాఖర్చులు చదువబడును; ఆడిటరు ఆక్షేపణలు వినిపింపబడును. ఎరువుల గిడ్డంగిలో పది బస్తాలు తరుగు వచ్చినయెడల, ఎందుకు వచ్చెనని ఏ సభ్యుడైనను లేచి అడుగవచ్చును. ఇరువది యెకరముల ఆసామికిని, అరయెకరము సాగుచేయువానికిని ఓటు ఒక్కటే. ఆ సభ్యుడే బిడ్డ నెత్తుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయినప్పుడు, మందు లేదన్నను, డాక్టరుగారు రాలేదన్నను, మారుమాట లేక తిరిగి వచ్చుచున్నాడు. ఎరువు బస్తానుగూర్చి అడుగు హక్కు గలవానికి బిడ్డ ప్రాణమునుగూర్చి అడుగు హక్కు లేకపోవునా? గిడ్డంగి మన వాటాధనముతో నడచుచున్నది. ఆసుపత్రి మన పన్నులతో నడచుచున్నది. రెండును మనవే.

ఇది మనకు కొత్త కోరిక కాదు. 1920 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టము క్రింద జిల్లాబోర్డులును, తాలూకాబోర్డులును వైద్యశాలలను నడపినవి. వానిని పెద్దలు లోకలుఫండు ఆసుపత్రు లనెడివారు. 1925లో ఏలూరు ముఖ్యపట్టణముగా పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడిన పిమ్మటను ఇట్లే జరిగెను. అయితే ఆనాటి ఓటు ఆస్తియు పన్నును గలవారికే గాని కూలివానికి లేదు. స్త్రీలలో పెక్కుమందికిని లేదు. కావున ఆ కాలమును మరల రమ్మని మేము కోరుట లేదు. ప్రజల బోర్డు ఆసుపత్రిని నడపగలదనుట కొత్త మాట కాదని మాత్రమే చెప్పుచున్నాము.

1946లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను గల సంఘము తన నివేదికలో, అయిదుగురు మొదలు ఏడుగురి వరకు సభ్యులుగా గ్రామమున ఆరోగ్యసంఘ ముండవలెనని సూచించెను. 1952 మొదలుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వెలసినవి. గ్రామ ఆరోగ్యసంఘము మాత్రము చిరకాలము కాగితముపైననే నిలిచెను. 1959లో జిల్లాబోర్డుల స్థానమున జిల్లాపరిషత్తులు వచ్చినవి. క్రమముగా వైద్యమునందలి అధికారము శాఖాధికారుల చేతికి చేరెను. పట్టణములందలి పెద్ద ఆసుపత్రులు పెక్కు 1986 నాటి చట్టముచే ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వైద్యవిధాన పరిషత్తునకు అప్పగింపబడెను. భవనములు పెరిగినవి, పడకలు పెరిగినవి; ప్రజల మాటకు చోటు తగ్గినది.

చట్టము మనకు తోడు లేకపోలేదు. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణచే పదునొకండవ షెడ్యూలు చేర్చబడెను. అందు పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములు గలవు. వానిలో 23వది ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, వైద్యశాలలు ఇందులో చేరినవే. కాని రాష్ట్ర శాసనసభ వీనిని పంచాయతీలకు "అప్పగింపవచ్చును" అని యున్నదే గాని "అప్పగించి తీరవలెను" అని లేదు. ఈ ఒక్క క్రియాపదములోనే మన కష్టమంతయు దాగియున్నది. కేరళ రాష్ట్రము 1995లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను గ్రామపంచాయతీలకు బదలాయించెను. చట్టము అందరికి నొక్కటే. అడిగినవారికిని, అడుగనివారికిని భేదము కలిగెను.

2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య సంఘములు ఏర్పడి, ఒక్కొక్క గ్రామమునకు ఏటేట పదివేల రూపాయలు విడిగా కేటాయింపబడెను. ఆసుపత్రులకు అభివృద్ధి సంఘములు ఏర్పడెను. పేరు సంఘమే, కాని ఆసుపత్రి సంఘములలో పదవిరీత్యా వచ్చినవారును, పైనుండి నియమింపబడినవారును మెండు, రోగులు ఎన్నుకొన్నవారు అరుదు. నియమిత సంఘ మెట్లుండునో మనకు తెలియనిది కాదు. ఎన్నికైన పాలకవర్గములకు బదులు త్రిసభ్య కమిటీలు మన పరపతి సంఘములను నడపిన దినములను మనము చూచితిమి. నియమించినవాని కే లెక్క చెప్పుట లోకస్వభావము. ఓటు వేసినవాడు లేనిచోట ఓటరుకు లెక్క చెప్పువాడుండడు.

ఆరోగ్యమనగా మాత్రలు, సూదిమందులు మాత్రమే కాదు, మొదట నీరు. డెల్టాలో మనము త్రాగునది కాలువ నీరు. వేసవిలో కాలువలు కట్టుటకు ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకొందుము. పొలములనుండియు, చేపల చెరువులనుండియు వచ్చు మురుగు డ్రెయినులగుండ కొల్లేటికి దిగును. కొల్లేటి గ్రామములవారికి చుట్టును నీరే, త్రాగుటకు మాత్రము కరవు. 2020 డిసెంబరు మొదటి వారమున ఏలూరులో ప్రజలు హఠాత్తుగా మూర్ఛలతో పడిపోయిరి. ఆరువందలమంది వరకు ఆసుపత్రి పాలైరి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెనని ప్రకటించిరి. పురుగుమందుల అవశేషములపైనను అనుమానము వ్యక్తమయ్యెను. ఆపద వచ్చిన పిమ్మట ఢిల్లీనుండియు, హైదరాబాదునుండియు నిపుణులు వచ్చిరి. ఆపదకు ముందే, మన చెరువు నీటిని ఎప్పుడు పరీక్షించిరి, ఫలితమేమి యని ప్రతి గ్రామసభయు అడుగు అలవాటుండిన, అది ఏ ప్రయోగశాలకును తీసిపోని కాపుదల యగును.

ఇచ్చట కొందరు పెద్దమనుష్యులు, "వైద్యము ఓట్లతో జరుగునా? చదువుకొన్న డాక్టరుకు చదువురానివాడు ఆజ్ఞ యిచ్చునా?" అని ఆక్షేపింతురు. ఏ మందు వాడవలెనో డాక్టరుగారే నిర్ణయింపవలెను. అందు మనకు జోక్యము వలదు. కాని కేంద్రము ఏ వేళ తెరవవలెను, మందుల నిలువ యెంత, సొమ్ము దేనికి ఖర్చయ్యెను అనునవి వైద్యశాస్త్ర ప్రశ్నలు కావు; ఇంటి లెక్కలు. అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రమున ఎల్క్ సిటీ యను చిన్న పట్టణమున 1929లో డాక్టరు మైకేల్ షదీద్ రైతులను కూడగట్టి సహకార ఆసుపత్రిని స్థాపించెను. రైతులు వాటాలు కొనిరి; చికిత్స డాక్టర్లది, యాజమాన్యము రైతులది. తోటి వైద్యుల సంఘమువారు ఆయనను గట్టిగా ఎదిరించిరి. అయినను ఆసుపత్రి నిలిచెను.

మరియొక భయము మాత్రము నిజమైనది. ఊరిలో పార్టీలున్నవి, కులములున్నవి. ఆసుపత్రి పెత్తనము పెద్దకమతముల వారి చేతికే పోయినయెడల, అధికారి దొరతనము పోయి ఆసామి దొరతనము వచ్చినట్లగును. కావున స్త్రీలకు సగము చోట్లును, కౌలుదార్లకు, కూలీలకు, దళితవాడలకు, కొల్లేటి మత్స్యకారులకు తమ తమ చోట్లును నిర్ణయింపబడిన గాని ప్రజాస్వామ్యమను పేరు చెల్లదు. ఎక్కువగా ఆ ఆసుపత్రి గడప త్రొక్కువారు వారే గదా!

ఇక చేయవలసినది. తణుకు చుట్టుపట్ల వేల్పూరు, దువ్వ మొదలగు గ్రామములందును, ఇతర మండలములందును గల మన సభ్యులు రాబోవు గ్రామసభలో ఈ కోర్కెలను తీర్మానములుగా ప్రవేశపెట్టవలెను.

ఒకటి: గ్రామ ఆరోగ్య పారిశుద్ధ్య సంఘపు జమాఖర్చు ఏటేట సభలో చదువవలెను. రెండు: మందుల నిలువయు, వైద్యసిబ్బంది వచ్చు వేళలును కేంద్రము గోడపై తెలుగున వ్రాయవలెను. మూడు: కాలువలు కట్టుటకు ముందును, విడిచిన పిమ్మటను నీటి పరీక్ష చేయించి ఫలితము పంచాయతీ కచ్చేరిలో అంటింపవలెను. నాలుగు: ఫిర్యాదుల పుస్తక ముంచి, నెలలో జవాబు వ్రాయవలెను. అయిదు: ఆసుపత్రి అభివృద్ధి సంఘములలో సగము సభ్యులను గ్రామసభలును, పట్టణములలో వార్డులును ఎన్నుకొనునట్లు నిబంధనలు మార్పవలెను.

మొదటి నాలుగింటికి కొత్త చట్టము అక్కరలేదు. లెక్క చూపమన్న చూపనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టవచ్చును. ముప్పది దినములలో సమాధాన మీయవలెను. అయిదవదానికి మాత్రము ప్రభుత్వమును ఒప్పింపవలెను. అది ఒక ఊరి గొంతుతో కాదు. సంఘముల తీర్మానములు జిల్లాపరిషత్తునకును, కలెక్టరునకును, శాసనసభ్యులకును గుత్తముగా చేరినప్పుడే జరుగును.

వడ్డీవ్యాపారి గుమ్మమున చేతులు కట్టుకొని నిలుచుట మాని, మన తాతలు పరపతి సంఘము పెట్టుకొనిరి. లెక్క వ్రాయనేర్చిరి, లెక్క అడుగనేర్చిరి. ఆ విద్యను ఆసుపత్రి గుమ్మము వరకు తీసికొనిపోవుట మన వంతు. కావున సభ్యులెల్లరును రాబోవు గ్రామసభకు తప్పక హాజరు కావలెననియు, ఇంటి ఆడవారినికూడ వెంటబెట్టుకొని రావలెననియు కోరుచున్నాము.