చేపల తొట్టె ఊపిరి ఎక్కడుంది?

సాయంత్రం వేళ మా రెండడుగుల తొట్టె చూడముచ్చటగా ఉంటుంది. వాలిస్నేరియా ఆకుల అంచులకు ఆవగింజల్లా బుడగలు పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ ఉబ్బి, ఆకును వదిలి, పైకి తేలిపోతుంది. ఇన్ని మొక్కలుండగా ఆక్సిజన్‌కు కొదవేమిటని ఒక మే నెలలో ఎయిర్ పంపు తీసేశాను. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి చూస్తే టెట్రాలన్నీ నీటి పైకి చేరి, నోళ్లు తెరుచుకుని ఎగశ్వాస తీస్తున్నాయి. సాయంత్రం కళకళలాడిన తొట్టె ఇదేనా అనిపించింది.

ఏం జరిగిందో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 55 లీటర్ల నీళ్లు పడతాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీరు గాలి నుంచి తీసుకుని నిలుపుకోగలిగే ఆక్సిజన్ దాదాపు 8 మిల్లీగ్రాములు. అంటే తొట్టె మొత్తానికి అర గ్రాము కూడా లేదు. మనం పీల్చే గాలి రెండు లీటర్లు తీసుకుంటే అందులో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే మిగులుతాయి. వేడికి చేపల అవసరం పెరుగుతుంది, అదే వేడికి నీటిలో నిల్వ తగ్గుతుంది.

లైటు వెలిగినంతసేపు మొక్కలు కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదులుతాయి. బడిలో గరాటు కింద హైడ్రిల్లా పెట్టి, పరీక్షనాళికలో బుడగలు పట్టిన ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఆ నీటిలో చిటికెడు తినే సోడా కలిపితే బుడగలు జోరందుకుంటాయి. మొక్కకు కార్బన్ అందిందన్నమాట. లైటు ఆరాక ఈ పని ఆగిపోతుంది, శ్వాస మాత్రం ఆగదు. మొక్క, చేప, నత్త, ఫిల్టర్ స్పాంజిలోని బాక్టీరియా అన్నీ ఆ అర గ్రాములోంచే రాత్రంతా తోడుకుంటాయి. అందుకే మళ్లీ వెలుగు రాబోయే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఆ వేళకే బాగా పేరుకుంటుంది.

భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల రైతులకు ఇది కొత్త సంగతి కాదు. రాత్రుళ్లు ఏరియేటర్లు తిప్పేదీ, తెల్లవారుజామున గట్టు మీదకు వెళ్లి చూసుకునేదీ ఇందుకే. నీరు పచ్చగా ఉన్న చెరువు పగలు ఎంత ఆక్సిజన్ ఇస్తుందో, రాత్రి అంతగా తాగుతుంది.

మొక్కలుంటే చాలన్న నమ్మకానికి పాత చరిత్రే ఉంది. 1850లో లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గోల్డ్‌ఫిష్‌ను, వాలిస్నేరియాను ఒకే తొట్టెలో పెంచాడు. కుళ్లిన ఆకులతో నీరు పాడవుతుంటే నత్తలను వేసి తొట్టెను నిలబెట్టాడు. మొక్కా జంతువూ ఒకదానికొకటి ఆధారమని అది చక్కగా చూపింది. కానీ అంతకు 71 ఏళ్ల ముందే, 1779లో, యాన్ ఇంగెన్‌హౌస్ ఆకులను నీటిలో ముంచి గమనించి ఇంకో సగం చెప్పాడు: మొక్క గాలిని బాగుచేసేది వెలుతురులోనే, చీకట్లో పాడుచేస్తుంది.

ఇక కార్బన్ డయాక్సైడ్ సంగతి. గాలిలో దాని వాటా నూటికి 0.04 మాత్రమే. గాలితో సరితూగిన లీటరు నీటిలో అది దాదాపు 0.6 మిల్లీగ్రాములు. పైగా వాయువులు నిశ్చలమైన నీటిలో గాలిలోకన్నా దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందుకే నీటి మొక్కకు తరచూ కార్బన్ కరువే. అభిరుచి ఉన్నవాళ్లు సిలిండర్‌తో ఈ వాయువును నీటిలోకి ఎక్కించి, లీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల దగ్గర నిలుపుతారు. అప్పుడు పగలు ఎయిర్ పంపు పెడితే, మూత తీసిన సోడా సీసాను కుదిపినట్టే, ఎక్కించినదంతా ఎగిరిపోతుంది.

దీంతో చాలామంది ఒక తప్పు నిర్ణయానికి వస్తారు: ఆక్సిజన్ పెరిగితే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందని. నీటిలో ఈ రెండూ చోటు కోసం పోట్లాడుకోవు. రెండూ ఒకేసారి నిండుగా ఉండవచ్చు. దేని దారి దానిదే: గాలితో పోలిస్తే నీటిలో ఎక్కువైనది బయటికి పోతుంది, తక్కువైనది లోపలికి వస్తుంది. సిలిండర్ లేని తొట్టెలో మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను 0.6 కన్నా కిందికి లాగేస్తే, నీటిని కదిలించడం వాటికి మేలే చేస్తుంది. గాలి దాన్ని తిరిగి నింపుతుంది.

ఈ రాకపోకలన్నీ ఎక్కువగా జరిగేది నీటి పైపొరలో. ఎయిర్ స్టోన్ బుడగల నుంచి కరిగే ఆక్సిజన్ కొంతే. అవి అడుగు నీటిని పైకి తెచ్చి, పైపొరను చెదరగొట్టడమే అసలు పని. నీటి మీద నూనెలా పలచటి తెట్టు కట్టిందంటే ఆ తలుపు సగం మూసుకున్నట్టే. ఆ రోజు మా తొట్టె మీదా అలాంటి తెట్టే ఉంది.

సిలిండర్ వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. నీటిలో కార్బన్ డయాక్సైడ్ మితిమీరితే చేప రక్తంలోది మొప్పల గుండా బయటికి పోలేదు. రక్తం ఆమ్లమై, ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేప రొప్పుతుంది. అందుకే డ్రాప్ చెకర్ అనే చిన్న గాజు బుడ్డి తొట్టెలో వేలాడదీస్తారు. అందులోని ద్రవం నీలంగా ఉంటే వాయువు తక్కువ, ఆకుపచ్చ అయితే సరిపడా, పసుపు అయితే ప్రమాదం. రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా చేపలనూ చూడాలి.

చేయాల్సింది కష్టమేమీ కాదు. సిలిండర్‌ను లైటుకు గంట ముందు తెరిచి, లైటు ఆరడానికి గంట ముందు కట్టేయాలి. లైటు ఆరగానే ఎయిర్ పంపు మొదలయ్యేలా టైమరు పెట్టాలి. పగలు ఫిల్టర్ నీటి ధార పైపొరను సన్నగా అలలాడిస్తే చాలు.

మా తొట్టెకు సిలిండర్ లేదు. టైమరు మాత్రం పెట్టాను. ఇప్పుడు ఐదింటికి లేచి చూస్తే టెట్రాలు ఆకుల మధ్య, నడిమి నీటిలో నిలకడగా ఉంటాయి. మీ తొట్టె బాగోగులు తేల్చుకోవాలంటే సాయంత్రం బుడగలు చూసి మురిసిపోకండి. లైటు వెలగకముందు ఐదు నిమిషాలు దాని ముందు కూర్చుని, చేపలు ఏ ఎత్తులో ఉన్నాయో చూడండి.