తీపిజొన్న దిగుబడి: విత్తనం పాలెంత? నేల పాలెంత?

వరి, చెరకు, వెదురువలె జొన్న కూడా గడ్డికుటుంబానికి చెందినదే. కొన్ని జొన్నరకాల కాండంలో చెరకులో మాదిరి తియ్యని రసముంటుంది. ఇవే తీపిజొన్నలు. వాటి రసాన్ని పులియబెట్టి ఇథనాల్ అనే ఇంధనాన్ని తీయవచ్చును. హైదరాబాదుకు పడమరనున్న పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లోని జొన్న పరిశోధన కేంద్రం ఈ పైరుపై విశేష కృషి చేశాయి. 2005లో విడుదలైన సి.ఎస్.హెచ్. 22 ఎస్.ఎస్. మనదేశపు తొలి తీపిజొన్న సంకరరకం.

చేనిలో ఏపుగా పెరిగిన మొక్కను ఎన్నుకొంటే దాని సంతానమూ అట్లే పెరుగునా? కొత్తరకాలను రూపొందించేవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే.

గడ్డిఅన్నారంలోని ఒక పాఠశాల ఆవరణలో 20 కుండీలలో ఒకే శుద్ధవంశపు జొన్నవిత్తనాలు నాటారనుకొందాం. ఎండ తగిలిన మొక్కలు బలిసి, మేడల నీడనున్నవి బక్కపలచగా ఉంటాయి. అన్నిటి జన్యువులూ ఒకటే గనుక ఈ భేదం పరిసరాల వల్ల కలిగినదే. కాబట్టి బలిసిన మొక్క గింజలు నాటినా మేలు కలగదు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యోహాన్సెన్ 1903లో చిక్కుడుజాతి గింజలతో ఈ సంగతినే నిరూపించాడు. 'జీన్' అనే పదాన్ని 1909లో కల్పించినదీ ఆయనే.

ఇప్పుడు అదే ఆవరణలో 20 వేర్వేరు రకాలను నాటుదాం. ఈసారి భేదాలకు జన్యువులు, పరిసరాలు రెండూ కారణాలే. దిగుబడిలోని హెచ్చుతగ్గులను గణితశాస్త్రంలో 'విస్తృతి'తో కొలుస్తారు. మొత్తం విస్తృతి 100 అనీ, శుద్ధవంశంలో కనబడినది 40 అనీ అనుకొంటే, మిగిలిన 60 జన్యువులది. 60ని 100తో భాగించగా వచ్చే 0.6 అనువంశికతా నిష్పత్తి.

అయితే ఆ 60 అంతా సంతానానికి సంక్రమించదు. కొన్ని జన్యువుల ప్రభావం వాటి జతకూడికను బట్టి ఉంటుంది. సంకరంలో ఆ జత విడిపోతుంది. నిలకడగా సంక్రమించే భాగం 30 మాత్రమే అనుకొందాం. అప్పుడు నిష్పత్తి 0.3. సగటుకన్న హెక్టారుకు 10 టన్నులు హెచ్చుగా ఇచ్చే మొక్కలను ఎన్నుకొని పరస్పరం సంకరపరిస్తే, సంతానంలో పెరిగేది 3 టన్నులే.

ఇక్కడ విద్యార్థులు పొరబడే విషయం ఒకటున్నది. నిష్పత్తి 0.6 అంటే ఒక మొక్క దిగుబడిలో నూటికి 60 పాళ్లు జన్యువులిచ్చినవని అర్థం కాదు. మొక్కల సముదాయంలోని భేదాలకే ఈ లెక్క వర్తిస్తుంది. సముదాయం మారినా, పరిసరాలు మారినా అంకె మారుతుంది. ఎత్తు, పూతకాలం వంటి లక్షణాలలో ఇది సాధారణంగా హెచ్చు. దిగుబడి అనేక జన్యువుల ఉమ్మడి ఫలితం, పైగా వానకూ ఎరువుకూ లోబడేది. అందుచేత అందులో తక్కువ.

వానకాలంలో ఏపుగా పెరిగే తీపిజొన్న యాసంగిలో చలికి, పొట్టి పగళ్లకు కురచబారుతుంది. అన్ని రకాలూ ఒకే పాళ్లలో తగ్గవు. ఒక కాలంలో ముందున్న రకం మరొక కాలంలో వెనుకబడవచ్చు. కనుకనే ఒక్క చేనిని చూచి విత్తనాన్ని విడుదల చేయరు. పలుచోట్ల, పలు సంవత్సరాలు, ప్రతి రకాన్నీ అనేక మడులలో పెంచి పోల్చుతారు. సారవంతమైన మూలలో పెరిగినందువల్ల మాత్రమే మెరుగ్గా కనబడిన మొక్కను మేలురకమని నమ్మితే, ఆ నష్టం విత్తిన రైతుదే.